ఇంగ్లండు పల్లెకి కాశీరాజు బావి: గర్వపడాలా, ఏడవాలా?

రీడింగ్_రాంబాబు
పిల్లలు గోల పెడుతుంటే మొన్న వీకెండ్ కారేసుకుని చిల్టర్న్ కొండల మీదికి పోయాం. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టోక్ రో అని ఒక పల్లె. మా రీడింగ్‌కి ఉత్తరాన పది మైళ్ళు కూడా ఉండదు. బీచ్ చెట్ల అడవి మధ్య ఒక రోడ్డు, దాన్ని పట్టుకుని ఇళ్ళు, అంతే ఊరు. ఉన్నట్టుండి రోడ్డు పక్కన ఇనప స్తంభాల మీద గుమ్మటం! దాని కింద చక్రాల యంత్రం, యంత్రం మీద బంగారు రంగు ఏనుగు బొమ్మ. "నాన్నా, గుడి!" అన్నాడు మావాడు.

గుడి కాదు, బావి. కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ తన డబ్బుతో ఈ ఊరికి తవ్వించాడట. 1863 మార్చి 10న మొదలెట్టి, 1864 మే 24న, అంటే విక్టోరియా రాణి పుట్టినరోజున తెరిచారు. లోతు 368 అడుగులు, వెడల్పు నాలుగే అడుగులు.

నా కడుపుమంట ఏమిటంటే, సరిగ్గా అంతకుముందే 1860-61లో గంగా యమునల మధ్య దోఆబ్‌లో ఘోరమైన కరువు. కాశీకి అదేమీ వేరే లోకం కాదు కదా. అక్కడ జనం చస్తుంటే ఈయన ఇక్కడ దొరల ఊరికి బావి తవ్విస్తాడా? అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు పట్టుచీర పెట్టినట్టు లేదూ? మీరేమంటారు?

నెట్‌లో_నారదుడు
మా అనంతపురంలో 600 అడుగులు పోయినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ రాజుగారి అడ్రస్ ఉంటే కాస్త పంపండి.

ఓరుగల్లు_శీను
గది సరే గానీ, ఇంగ్లండ్ల నీళ్ళ కరువు ఏందన్నా? రోజూ వాన పడే దేశం కదా. ఏదో తేడా కొడుతంది నాకు.

బోరుబావి_భాస్కర్
శీను అడిగింది మంచి ప్రశ్న. భూగర్భ జలాల పనిలో ఉన్నవాడిని కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, తిట్టుకోకండి.

చిల్టర్న్ కొండలన్నీ సుద్దరాయి. బోర్డు మీద రాసే సుద్దముక్క నీళ్ళని ఎలా పీలుస్తుందో కొండ కూడా అంతే. పడ్డ వాన పడ్డట్టు లోపలికి ఇంకిపోతుంది. పైన వాగు ఉండదు, ఏరు ఉండదు. నీళ్ళన్నీ అడుగున ఎక్కడో చేరి, కొండ పాదం దగ్గర ఊటలుగా బయటికొస్తాయి. అందుకే అక్కడికి కొద్ది మైళ్ళలోనే కొండ దిగువన ఉన్న యూయెల్మ్ అనే ఊళ్ళో ఊటనీళ్ళు ఎంత పుష్కలమంటే, వాటర్‌క్రెస్ అనే నీటి ఆకుకూరని మడులు కట్టి పండించారు. కొండ మీద స్టోక్ రో వాళ్ళకి మాత్రం గొంతు తడుపుకోవడానికి లేదు.

మరి ఎలా బతికారంటే, సుద్ద మీద అక్కడక్కడా చెకుముకిరాళ్ళు కలిసిన బంకమన్ను పొర ఉంటుంది. ఇటుకలకోసం ఆ మన్ను తవ్విన గుంటల్లో వాననీరు నిలిచేది. ఆ బురదనీళ్ళే తాగడానికి, వండుకోవడానికి. ఎండాకాలం అవి కూడా ఎండిపోతే మైళ్ళు నడవాల్సిందే.

368 అడుగులంటే కుతుబ్ మీనార్‌ని తలకిందులుగా దించి, దాని కింద ఇంకో సగం మీనార్ పెట్టినంత. మిషను లేదు, అంతా చేత్తోనే. నాలుగడుగుల వెడల్పులో ఒక మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పలుగు ఆడించాలి. పైన ఆకాశం రూపాయి బిళ్ళంత కూడా కనపడదు. గాలి ఆడదు, పైనుంచి చిన్న రాయి జారినా ప్రాణం పోయినట్టే. పద్నాలుగు నెలల్లో పూర్తి చేశారు. రాజుగారికి దండం పెట్టేముందు ఆ తవ్విన కూలీలకి పెట్టాలి అంటాను నేను.

ఓరుగల్లు_శీను
మస్తు చెప్పినవన్నా. మరి అంత లోతుకెళ్ళి నీళ్ళు ఎట్ల తోడేది? గిలకేస్తే చేతులు పడిపోతయ్ కదా.

బోరుబావి_భాస్కర్
అందుకే ఆ చక్రాలు. వాలింగ్‌ఫర్డ్‌లో వైల్డర్ అనే వాళ్ళ ఇనప కార్ఖానాలో చేయించారు. పళ్ళచక్రాలు, ఒక పెద్ద బరువు చక్రం, తిప్పడానికి పిడి. అయినా ఒక్క బకెట్ పైకి రావడానికి పది నిమిషాల దాకా పట్టేదట.

నెట్‌లో_నారదుడు
పది నిమిషాలకి ఒక బకెట్. మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ వచ్చినప్పుడు క్యూ కంటే ఫాస్టే.

కాశీమజిలీ
రాంబాబు గారూ, మీ కోపం అర్థమైంది గానీ కథ సగమే చెప్పారు. మధ్యలో ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ అనే ఆయన ఉన్నాడు, ఆయన లేకపోతే ఈ బావే లేదు.

రీడ్‌ది స్టోక్ రో పక్కనే ఇప్స్‌డెన్ అనే ఊరు. మన దేశంలో కంపెనీ ఉద్యోగం. 1831లో ఆజంగఢ్ దగ్గర ఊరివాళ్ళకోసం ఒక బావి తవ్వించాడు. తర్వాత పెద్ద పదవుల్లోకి వచ్చి, రాజుకి స్నేహితుడయ్యాడు. మాటల్లో తన ఊరి సంగతి చెప్పాడట: కరువు రోజుల్లో ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్ళు తాగేశాడని ఒక పిల్లాణ్ణి వాళ్ళమ్మ చావబాదింది అని. 1860లో రీడ్ ఉద్యోగం మాని స్వదేశం వెళ్ళిపోయాడు. ఇంగ్లండుకి ఏదైనా దానం చెయ్యాలని రాజుకి అనిపించినప్పుడు ఆ పిల్లాడి మాట గుర్తొచ్చింది. అంటే ఆజంగఢ్‌లో ఇంగ్లీషువాడు తవ్వించిన బావికి ఇది బదులు. పిన్నమ్మకు పట్టుచీర కాదండీ, పెట్టినవాడికి తిరిగి పెట్టడం.

రీడింగ్_రాంబాబు
కాశీమజిలీ గారూ, పేరుకి తగ్గట్టు కథ బాగానే చెప్పారు. కానీ నడుమ 1857 అనే చిన్న సంవత్సరం ఒకటుంది, అది దాటేశారు. తిరుగుబాటులో ఈ రాజు ఎటువైపు నిలిచాడు? కంపెనీ వైపు. రీడ్ అప్పుడు ఆగ్రాలో ఉన్నాడు. లెఫ్టినెంట్ గవర్నర్ కాల్విన్ చచ్చిపోతే కొన్నాళ్ళు పగ్గాలు పట్టినవాడు ఆయనే. తవ్వకం మొదలైన 1863 మార్చి 10 ఏ రోజో తెలుసా? యువరాజు పెళ్ళిరోజు. తెరిచింది రాణి పుట్టినరోజు. ఇంకా ముహూర్తాలు ఎవరికోసం పెట్టారో చెప్పాలా?

తవ్వకానికి అయింది 353 పౌండ్ల చిల్లర. మహారాజుకి అదొక లెక్కా? అంత తక్కువ ఖర్చుతో నూట అరవై ఏళ్ళుగా పేరు మోగుతోంది. నాకు తెలిసి ఇంతకంటే చౌక ప్రచారం లేదు.

హెన్లీ_హేమ
353 పౌండ్లు తవ్వకానికే. యంత్రం, గుమ్మటం, కాపలాదారుడి ఇల్లు, తోట వేరే. లెక్క పూర్తిగా చెప్పండి.

కోనసీమ_పద్మ
ముఖస్తుతి కోసమే తవ్వించాడనుకుందాం. ఆ ఊరి ఆడవాళ్ళకి ఏమిటి తేడా? బిందె నిండిందా లేదా అన్నదే కదా. నేను కోనసీమ దాన్ని, నా లెక్క అలాగే ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర మనసులో కంపెనీ లాభం ఉందా, జనం మీద జాలి ఉందా అని మా తాతలు పరీక్ష పెట్టలేదు. కాలవలో నీళ్ళొచ్చాయి, చేలో అన్నం పండింది. ఇప్పటికీ మా వైపు ఊరూరా ఆయన విగ్రహం. గోదావరి స్నానం సంకల్పంలో ఆయన పేరు చెప్పే పంతుళ్ళు ఉన్నారు. ఆయన సమాధి కూడా మీ దగ్గర్లోనే, సర్రేలో డార్కింగ్‌లో. ఇక్కడికొచ్చిన గోదావరి వాళ్ళు వెతుక్కుని వెళ్ళి దండ వేసి వస్తారు. స్టోక్ రో వాళ్ళు కాశీరాజుని తలుచుకుంటే తప్పేమిటి?

రీడింగ్_రాంబాబు
పద్మ గారూ, కాటన్ దొర అంటే నాకూ గౌరవమే. కానీ ఆనకట్ట కట్టింది మన పన్నుల సొమ్ముతో, శిస్తు పెరుగుతుందన్న లెక్కతో. పైవాళ్ళతో దెబ్బలాడి ఒప్పించింది కాటన్ గొప్పతనం, డబ్బు మాత్రం మనదే. బావి చూస్తే అదీ మన రైతు శిస్తే, రాజు ఖజానా మీదుగా వెళ్ళింది. అంటే అక్కడా మనదే, ఇక్కడా మనదే!

ఓరుగల్లు_శీను
గీ లెక్క కరెక్టే ఉన్నది 😄

కోనసీమ_పద్మ
ఒక చిన్న తేడా ఉంది. ఆనకట్ట నీళ్ళకి మేం నీటితీరువా కట్టాం. కాశీరాజు బావి నీళ్ళు ఊరివాళ్ళకి ఎప్పటికీ ఉచితం అని ముందే రాసిచ్చాడు. దొర అమ్మాడు, రాజు ఇచ్చాడు. ఇప్పుడు చెప్పండి ఎవరు దొరో.

కాశీమజిలీ
పద్మ గారికి వీరతాడు!

విజీనారం_వరాలు
ఏటండీ, ఇంతమంది ఇన్ని మాటలు ఆడతన్నారు, మా మహారాజుని ఒక్కరూ తలవలేదు! కాశీ రాజు దాకా ఎందుకు, మన విజయనగరం రాజుగారే లండన్‌ల మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టించినారు. హైడ్ పార్క్‌ల, మార్బుల్ ఆర్చ్ కాడ. విజయరామ గజపతిరాజు గారు, 1867ల ఇచ్చిన దానం. రాతితో గోపురంలాగ కట్టినారట. దారిన పోయే బళ్ళవాళ్ళు, కూలీనాలీ ఆగి తాగేవోరు. అప్పట్లో లండన్‌ల మంచినీళ్ళు దొరకడం అంత సులువు కాదు. కలరా వచ్చి జనం పోయిన కాలం అది.

ఇంకో సంగతి ఇనండి. మా రాజులకీ కాశీకీ బంధం ఇప్పటిది కాదు. ఆయన తండ్రి నారాయణ గజపతి గారు కాశీలోనే ఉండిపోయి అక్కడే కాలం చేసినారు. ఈయన కూడా ఏళ్ళ తరబడి అక్కడున్నారు. భేలూపూర్‌ల విజయనగరం వారి కోట ఇప్పటికీ ఉన్నాది. అటు కాశీ రాజు స్టోక్ రోలో బావి తెరిచిన మూడేళ్ళకే ఇటు మా రాజుగారి ఫౌంటెన్. ఒకరిని చూసి ఒకరు చేసినారో లేదో నాను చెప్పలేను గానీ, ఊరికే జరిగింది అంటే మాత్రం నమ్మను.

నెట్‌లో_నారదుడు
హైడ్ పార్క్ వంద సార్లు తిరిగా. విజయనగరం ఫౌంటెన్ ఎక్కడండీ? ఎప్పుడూ కనపడలేదే?

విజీనారం_వరాలు
ఎలా కనపడతాది బాబూ, 1964ల తీసేసినారు. ఇప్పుడు అక్కడ ఒక రాయి ఉన్నాది, "ఇక్కడ విజయనగరం మహారాజా ఫౌంటెన్ ఉండేది" అని. అంతే మిగిలింది.

కాశీమజిలీ
ఆగండాగండి. 1964? స్టోక్ రో బావికి నూరేళ్ళ పండగ చేసింది కూడా 1964లోనే! అప్పటి రాణి ఎలిజబెత్ భర్త ప్రిన్స్ ఫిలిప్ స్వయంగా వచ్చాడు. కాశీ నుంచి గంగాజలం తెచ్చి బావిలో కలిపారు. ఒకే ఏడు, ఒక రాజు దానానికి గంగాభిషేకం, ఇంకో రాజు దానానికి గడ్డపార.

కోనసీమ_పద్మ
అయ్యో. విజయనగరం వాళ్ళకి ఇంత అన్యాయమా.

రీడింగ్_రాంబాబు
వరాలు గారూ, దీని గురించి నాకు బొత్తిగా తెలీదు. థాంక్స్. రెండిట్లో ఒకటే ఎందుకు మిగిలిందో ఎవరైనా చెప్తారా?

మిల్టన్‌కీన్స్_మామ
నేను చెప్తానల్లుడూ. ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నా, ఇలాంటివి చాలా చూశా.

ఫౌంటెన్ కట్టి, లండన్‌లో మంచినీళ్ళ ఫౌంటెన్లు చూసుకునే సంస్థ చేతిలో పెట్టారు. అది మహానగరం నడిబొడ్డు. దాహం తీరాక దాన్ని తనది అనుకునేవాడు లేడు. స్టోక్ రోలో అలా కాదు. బావితో పాటు దానికి ఒక మాన్యం ఏర్పాటు చేశారు. మన గుళ్ళకి దేవుడి మాన్యం ఉంటుందే, సరిగ్గా అదే. పక్కన నాలుగెకరాల నేల కొని చెర్రీ తోట వేశారు. దాని పేరు ఈశ్రీ బాగ్, రాజుగారి పేరు మీదే. పళ్ళు అమ్మిన డబ్బుతో బావి మరమ్మత్తులు, కాపలాదారుడి జీతం. వాడు ఉండటానికి బావి పక్కనే ఎనిమిది పలకల చిన్న ఇల్లు, ఇప్పటికీ ఉంది. చూసుకోవడానికి ధర్మకర్తలు. ఇదంతా దగ్గరుండి చేసింది రీడ్. తోటలో చేప ఆకారంలో ఒక కొలను కూడా తవ్వించాడు, మత్స్యం కాశీ రాజవంశం చిహ్నం కాబట్టి.

మహారాజు మాత్రం ఒక్కసారి కూడా ఆ ఊరికి రాలేదు. తను తవ్వించిన బావిని కంటితో చూడలేదు. అయినా మరిచిపోలేదు. 1882లో విక్టోరియా మీద తుపాకీ పేల్చితే ఆవిడ తప్పించుకుంది కదా, ఆ సంతోషంలో స్టోక్ రో వాళ్ళకి రొట్టె, టీ, పంచదార పంచిపెట్టించాడు.

నెట్‌లో_నారదుడు
రాణిగారికి గండం తప్పితే స్టోక్ రోకి పంచదార. కాశీలో ఎవరికైనా జిలేబీ అయినా దక్కిందా మామా?

రీడింగ్_రాంబాబు
చూశారా చూశారా! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే. నారదుడు అయినా నా పక్షం వచ్చాడు.

నెట్‌లో_నారదుడు
నారదుడు ఎవరి పక్షమూ కాదు స్వామీ.

హెన్లీ_హేమ
నాకో అభ్యంతరం ఉంది. ఏడెనిమిదేళ్ళుగా ఆ చుట్టుపక్కలే ఉంటున్నా. మనవాళ్ళు ఎవరొచ్చినా బావి దగ్గర సెల్ఫీ దిగి, ఏనుగుని తాకి, కారెక్కేస్తారు. ఆ ఊరికి రాజు ఇచ్చిన చరిత్ర ఒక్కటే కాదు, సొంత చరిత్ర ఉంది.

బీచ్ చెట్లు చూశారు కదా. ఆ కర్రతో బతికిన ఊళ్ళవి. అడవిలోనే పాక వేసుకుని, కాలితో తొక్కే తరిమెన మీద కుర్చీ కాళ్ళు చెక్కేవాళ్ళు. వాళ్ళని బాడ్జర్లు అంటారు. ఆ కాళ్ళు హై వికమ్ వెళ్ళి కుర్చీలయ్యేవి. స్టోక్ రోలో డేరా మేకులు చేసేవాళ్ళు, అదీ లక్షల్లో. యుద్ధం వచ్చిందంటే సైన్యానికి డేరాలు, డేరాకి మేకులు. పక్కనున్న నెటిల్‌బెడ్‌లో ఇటుకల బట్టీ ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది, సీసా ఆకారంలో, ఇళ్ళ మధ్యలో. భాస్కర్ గారు చెప్పిన బంకమన్ను అక్కడికే వెళ్ళేది.

ఇక చర్చి. సెయింట్ జాన్ చర్చి 1840ల్లో కట్టింది, అంటే బావికంటే ఇరవై ఏళ్ళు కూడా పెద్దది కాదు. చెకుముకిరాళ్ళు పగలగొట్టి పేర్చిన గోడలు, ఎనిమిది పలకల గోపురం. కొండ మీద నీళ్ళు లేని చోట ఊరు పెద్దగా ఎలా పెరుగుతుంది? ఆ బావి విలువ తెలియాలంటే ముందు ఇది తెలియాలి.

బోరుబావి_భాస్కర్
హేమ గారు చెప్పిన ఆఖరి ముక్క బంగారం. నీళ్ళున్న దిగువన యూయెల్మ్‌లో పదిహేనో శతాబ్దపు చర్చి, అప్పటి బీదల సత్రం ఇప్పటికీ ఉన్నాయి. పైన స్టోక్ రోలో అలాంటివి లేవు.

ఓరుగల్లు_శీను
అక్కా, ఆ ఊర్ల టైటానిక్ హీరోయిన్ పెండ్లి అయిందట కదా?

హెన్లీ_హేమ
పెళ్ళి కాదు శీనూ, విందు. 1998లో కేట్ విన్స్‌లెట్ మొదటి పెళ్ళి రీడింగ్‌లో జరిగింది, విందు మాత్రం స్టోక్ రోలో క్రుకెడ్ బిల్లెట్ అనే పబ్‌లో. సాసేజీలు, ఆలుగడ్డ ముద్ద పెట్టారు.

నెట్‌లో_నారదుడు
అదే మన దగ్గరయితే మగపెళ్ళివారు విస్తరి ముందునుంచి లేచిపోయేవారు.

మిల్టన్‌కీన్స్_మామ
ఇంకో విషయం. రాజుని చూసి మరొకరు కూడా చేశారు. రాజా దేవనారాయణ్ సింగ్ అనే ఆయన రీడ్ సొంతూరు ఇప్స్‌డెన్‌లో ఒక చిన్న బావి కట్టించాడు. లండన్‌లో రీజెంట్స్ పార్క్‌లో బొంబాయి పార్సీ షావుకారు కావస్‌జీ జహంగీర్ రెడీమనీ 1869లో ఇచ్చిన ఫౌంటెన్ ఉంది. అది ఇప్పటికీ నిలిచే ఉంది వరాలమ్మా, వెళ్ళి చూడు.

విజీనారం_వరాలు
మీరు చెప్పింది ఇంకా మండించినాది మామగారూ. పార్సీ ఆయనది ఉన్నాది, కాశీ ఆయనది ఉన్నాది, మాది ఒక్కటే పోయినాది.

రీడింగ్_రాంబాబు
సరే, నా మాట నేను మార్చుకోను. కరువు ఏడాది పక్కనే ఇంత దూరం దానం పంపడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ పద్మ గారు అన్న "ఉచితం" అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. ఊరివాళ్ళు డెబ్భై ఏళ్ళకి పైగా ఆ నీళ్ళే తాగారు. కొళాయిలు వచ్చాకే మానేశారు.

కాశీమజిలీ
అది చాలు రాంబాబు గారూ, ఈ ఫోరంలో ఎవరైనా సగం ఒప్పుకోవడం నేను చూసిందే లేదు.

ఓరుగల్లు_శీను
నేను వచ్చే నెల బర్మింగ్‌హామ్ నుంచి వస్తున్న. బస్సు ఉంటదా ఆ ఊరికి? టికెట్ ఎంత?

హెన్లీ_హేమ
బావి చూడటానికి టికెట్ లేదు. బస్సు మీద ఆధారపడకు, కారు ఉన్నవాళ్ళని పట్టుకో. చెర్రీలు కాసే రోజుల్లో వస్తే తోట కూడా చూడొచ్చు. ఏనుగు మీద మాత్రం పిల్లల్ని ఎక్కించకండి, మొన్నెవరో మనవాళ్ళే ఆ ప్రయత్నం చేశారు.

విజీనారం_వరాలు
శీను బాబూ, లండన్ మీదుగా వెళ్తే మార్బుల్ ఆర్చ్ కాడ దిగి ఆ రాయి ఫొటో తీసి ఇక్కడ పెట్టవా? మా నాన్నకి చూపించాల.

ఓరుగల్లు_శీను
తప్పకుండ అక్కా. ఏ గేటు దిక్కుంటదో చెప్పు.